మోడెమ్ గారి అలక

మా బావకి ఒకే ఒక్క జబ్బు ఉంది. మనుషులందర్నీ ‘నువ్వు’ అంటాడు. యంత్రాలన్నిటినీ ‘మీరు’ అంటాడు.

ఏదో సరదాకి అనడం కాదు, నిష్ఠగా అంటాడు. పాడైన ఇస్త్రీపెట్టె షాపులోకి వచ్చిందంటే లేచి నిలబడి రెండు చేతులా అందుకుంటాడు. “రండి రండి. ఎంత వేడిలో పనిచేసి వచ్చారో ఏమో, కాస్త చల్లబడండి” అని బల్లమీద గుడ్డ పరిచి కూర్చోబెడతాడు. దాన్ని అంతదూరం మోసుకొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటూ ఉంటాడు. అతనికేసి మాత్రం విసుగ్గా చూసి, “నువ్వు కాస్త ఆ వెలుతురుకి అడ్డం తప్పుకో” అంటాడు.

మా రిపేరు షాపు రెండు గదులది. ముందుగదిలో నేను కూర్చుని వచ్చిన వస్తువులకి చీటీలు కడుతుంటాను. వెనకగదిలో బావ కూర్చుని వాటితో కబుర్లు చెబుతుంటాడు. నేను ఆయన భార్యకి సొంత తమ్ముణ్ణి. అంచేత ఆయన గురించి ఎంత చెడ్డగానైనా చెప్పే హక్కు నాకుంది, దాన్ని నేనెప్పుడూ వృథా చేసుకోలేదు. ఊళ్లోవాళ్లు ఆయనకి ‘గారుగారు’ అని పేరు పెట్టారు. “గారుగారు ఉన్నారా?” అని అడుగుతూ వస్తారు. ఆ పేరు పెట్టింది నేనే అని బావకి ఈరోజుకీ తెలియదు.

ఒకసారి బ్యాంకు మేనేజరు తన సొంత ప్రింటరు పట్టుకొచ్చాడు. టై కట్టుకున్న మనిషి, తనకో కుర్చీ వేస్తారని చూశాడు. కుర్చీ వేశాం, ప్రింటరుకి.

“ఏమండీ ప్రింటర్ గారూ, కాగితాలు మింగేస్తున్నారట?” అన్నాడు బావ వంగి, దాని నోట్లోకి టార్చిలైటు వేస్తూ. “ఇంతకుముందు మీరు ఇలాంటివారు కాదే! ఈమధ్య ఎవరైనా మీ కడుపులో ఏమైనా పడేశారా?”

ప్రింటరు ఏమీ మాట్లాడలేదు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

“అంటే... మా అమ్మాయి దానిమీద పెట్టుకుని పెన్సిలు చెక్కుకుంటూ ఉంటుంది. ఒక ముక్క ఏమైనా...”

“నిన్ను అడగలేదు,” అన్నాడు బావ తల తిప్పకుండా.

పెన్సిలు ముక్క రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. మేనేజరు మొహం ఇంకా ఎర్రగానే ఉంది. తనని ‘నువ్వు’ అని ప్రింటర్‌ని ‘మీరు’ అన్నవాణ్ణి ఏమనాలో ఆయన చదువుకున్న చదువులో ఎక్కడా రాసిలేదు పాపం.

ఇంట్లోనూ ఇదే తంతు. మిక్సీ గారు, ఫ్రిజ్ గారు, గోడగడియారం గారు. మా అక్క మాత్రం ‘ఏమే’. “నేను కూడా ఓ ప్లగ్గు తగిలించుకుంటే పోలా!” అని వాపోతుంది అక్క. ఓసారి అక్కకి టైఫాయిడ్ వచ్చింది. మూడోరోజున నాకు కబురు పెట్టింది, ఉన్నపళంగా రమ్మని. పరిగెత్తుకెళ్లాను. అక్క మంచంమీద కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

“డాక్టరు మీ బావతో ఏం చెప్పాడో కనుక్కోరా. నా దగ్గర దాస్తున్నారు.”

“ఏమైందక్కా?”

“పొద్దుట్నించీ నన్ను ‘మీరు’ అంటున్నార్రా! ‘మీరు లేవకండి, మీరు మందు వేసుకోండి’ అని. నా పని అయిపోయినట్టేనా?”

పదోరోజున జ్వరం తగ్గి అక్క లేచి నిలబడింది. “ఏమే, నా బనీను ఎక్కడ పెట్టావ్?” అని వినిపించాక గానీ ఆవిడ ప్రాణం కుదుటపడలేదు. ఈ సంగతి తలుచుకుని మేమంతా చాలాకాలం నవ్వుకున్నాం. నవ్వుకోవడమే గానీ, ఎందుకలా అన్నాడని ఒక్కరం ఆలోచించిన పాపాన పోలేదు.

ఇక బావకి స్కూటరొకటి ఉంది. స్కూటర్ గారు. దాన్ని స్టార్టు చేయాలంటే తన్నాలి. బావ తన్నడు. “ఇరవై ఏళ్లుగా మోస్తున్నవారిని తన్నడానికి నాకు కాలు రాదురా” అంటాడు. అంచేత ఆయన ఎక్కడికి బయల్దేరినా తన్నడానికి నేను వెంట వెళ్లాలి. లోకంలో బావమరుదులకి చాలా పనులు చెబుతారని విన్నాను గానీ, ఈ పని ఎక్కడా వినలేదు.

ఇంటర్నెట్టు టెలిఫోను తీగలోంచి బొట్లు బొట్లుగా వచ్చే రోజులవి. కంప్యూటరు పక్కన మోడెమ్ అని చిన్న పెట్టె ఉండేది. అది ఫోను చేసి, అవతలి మోడెమ్‌తో కీచుకీచుమని మాట్లాడుకుంటే తప్ప ఒక ఉత్తరం కూడా కదిలేది కాదు. అది మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లో ఇంకెవరూ ఫోను వాడకూడదు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఒకాయన షాపుకొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చొక్కాజేబులో ఎర్ర పెన్నులు మూడున్నాయి. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి, నాకు మాత్రమే వినబడేలా మాట్లాడాడు.

“నేను ప్రూఫులు దిద్దుతానండీ. ముప్పైఏళ్లుగా ఒకే ప్రెస్సు. ఇప్పుడా ప్రెస్సు వేరే ఊరికి వెళ్లిపోయింది. ఇంట్లోంచే కంప్యూటర్లో దిద్ది పంపగలిగితే పని ఉంచుతామన్నారు. దిద్దడం నేర్చుకున్నాను. పంపడమే...” ఆయన ఆగాడు. “ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు. పంపకపోతే ఇంకొకరిని చూసుకుంటారట. మూడురోజులుగా పంపుతున్నాను, మధ్యలోనే తెగిపోతోంది. పదకొండుసార్లు పంపాను. తప్పు నాదే. ఎక్కడో ఏదో తప్పు నొక్కుతున్నాను.”

నేను వెనకగదికేసి చూశాను. బావ అప్పటికే లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

“పదండి,” అన్నాడు ఆయనతో. “మీరు ముందు సైకిలు మీద వెళ్తూ ఉండండి. మేం వెనకే వస్తాం.”

నేను ఉలిక్కిపడ్డాను. పదండి! మీరు! ఆ సైకిల్ని అన్నాడేమోననుకున్నాను. కాదు, మనిషినే చూస్తూ అన్నాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానపడుతూ వెళ్లి స్కూటర్ గారిని తన్నాను.

వాళ్ల ఇంట్లో అడుగుపెడితే ఎవరో పరీక్ష రాస్తున్న గదిలోకి వెళ్లినట్టుంది. ఫ్యాను ఆపేశారు. ఫ్రిజ్ ఆపేశారు. ముందుగదిలో బల్లమీద పసుపుబారిన పాత కంప్యూటరు, పక్కన మోడెమ్, ఆ పక్కన ఫోను. ఆయన భార్య మునివేళ్లమీద నడుస్తూ వచ్చి, గుసగుసగా అంది:

“గడియారం కూడా ఆపేశాను బాబూ. టిక్కుటిక్కుమంటుంటే దానికి కుదురుండదేమోనని.”

ఇంకొకడైతే నవ్వేవాడు. నేను నవ్వాను కూడా. బావ మాత్రం చాలా గంభీరంగా తలూపాడు.

“మంచి పని చేశావమ్మా. నువ్వు చేసినంత మర్యాద ఎవరూ చేయరు,” అన్నాడు. తర్వాత కుర్చీ మోడెమ్ ముందుకి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. “నమస్కారమండీ మోడెమ్ గారూ. పని మొదలుపెడతారట, మధ్యలో అలిగి వెళ్లిపోతారట. ఏం కష్టం వచ్చిందో చెప్పండి. ఈ తీగమీద మీకు పోటీగా ఇంకో ఫోనేమైనా ఉందా ఇంట్లో?”

“లేదండీ,” అన్నాడు ప్రూఫులాయన, మోడెమ్ తరఫున. “ఇదొక్కటే ఫోను.”

“ఎన్ని పేజీలు మోయాలి పాపం మీరు?”

“తొంభై ఆరు. బొమ్మలున్నాయి. అరగంట దాకా పట్టేట్టుంది.”

“మధ్యలో తెగితే?”

“మళ్లీ మొదట్నించీ.”

చూశారా, ఒక్క ప్రశ్న కూడా ఆయన్ని అడగలేదు. అన్ని జవాబులూ ఆయనే చెప్పాడు.

మొదటిసారి కలిపాం. మోడెమ్ ముందు గుర్రుమంది. తర్వాత అంకెలు నొక్కింది. ఆ తర్వాత ఇద్దరు తోడికోడళ్లు ఒకేసారి మాట్లాడుతున్నట్టు కీచుమని ఒకటే గోల. బావ కళ్లు మూసుకుని ఆ గోలంతా ఆస్వాదించాడు.

“ఎంత చక్కగా మాట్లాడారు! గొంతులో ఏ దోషమూ లేదురా.”

గోల ఆగింది. ఎర్రదీపం నిలకడగా వెలిగింది. తెరమీద గీత ఒకటి చీమలా పాకడం మొదలుపెట్టింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పదకొండు నిమిషాలు గడిచాయి. ఆయన భార్య లోపల్నించి వచ్చి, గుమ్మంలో నిలబడి, మొహమంతా నవ్వు చేసుకుని, “బాగానే నడుస్తోంది కదా!” అంది.

ఆ మాట అంటూండగానే దీపం ఆరిపోయింది. గీత ఆగిపోయింది.

“అయ్యో!” అంది ఆవిడ.

‘ఏం నోరమ్మా నీది’ అనుకున్నాను మనసులో.

బావ పనిలోకి దిగాడు. ఫోను తీగ మార్చాడు. పిన్నులు తుడిచాడు. “మీరు అనుమతిస్తే చొక్కా విప్పుతాను” అని మోడెమ్‌ని అడిగి, మూత తీసి, దుమ్ము ఊదాడు. వేగం ఒక మెట్టు తగ్గించాడు. “మెల్లగానే వెళ్లండి, మీకు తొందరేం లేదు.”

“తొందర లేకపోవడమేమిటి బావా? మూడు దాటింది! షాపులో కొత్త మోడెమ్ ఉందిగా, తెచ్చి పెట్టేస్తాను.”

“ఒరేయ్, ఆయన ఎదురుగా అలాంటి మాటలేమిట్రా! సంస్కారం లేదూ?” అంటూ మోడెమ్‌కేసి తిరిగాడు. “వీడి మాటలు పట్టించుకోకండి. మా బావమరిది.”

రెండోసారి తొమ్మిది నిమిషాలు నడిచింది. నేను తెరకేసి చూస్తున్నాను. బావ ఎందుకో లోపలి గుమ్మంకేసి చూస్తున్నాడు. పదో నిమిషంలో ఆవిడ మళ్లీ నవ్వుతూ వచ్చింది. “అమ్మయ్య, నడుస్తోంది కదా!” అంది. మళ్లీ దీపం ఆరిపోయింది.

మూడోసారి కలిపాక ఆవిడ కాఫీలు పట్టుకొచ్చింది. బావ ఎప్పుడూ కస్టమర్ల ఇంట్లో కబుర్లు పెట్టుకోడు. అలాంటిది ఆవిడని అక్కడే కూర్చోబెట్టి కబుర్లు మొదలుపెట్టాడు. ఆవిడా వాళ్లాయన గురించి చెప్పుకొచ్చింది. పెళ్లయిన కొత్తలో తను పుట్టింటినుంచి రాసిన ఉత్తరాలన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది తిరుగుటపాలో పంపేవాడట. “కోపం వచ్చేది బాబూ. కానీ చివర్న ‘నూటికి తొంభై’ అని మార్కులు వేసేవారు” అంది. ప్రూఫులాయన తల వంచుకుని కాఫీ తాగాడు. కబుర్లలో పద్నాలుగు నిమిషాలు గడిచాయి. గీత దాదాపు సగానికి వచ్చింది, దీపం రెప్ప కూడా వేయలేదు.

ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత దీపం ఆరిపోయింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, “ఇంకా నడుస్తూనే...” అని, మా మొహాలు చూసి ఆగిపోయింది.

అప్పటికి నాలుగు దాటింది. ప్రూఫులాయన లేచి నిలబడ్డాడు. జేబులోంచి మూడు ఎర్ర పెన్నులూ తీసి బల్లమీద పెట్టాడు.

“చాలండి. మీరు చేయాల్సిందంతా చేశారు. ముప్పైఏళ్లు లోకంలో అందరి తప్పులూ పట్టుకున్నాను. నా తప్పు నాకు దొరకడం లేదు. ఇక వదిలేద్దాం.”

నాకైతే ఆ మోడెమ్‌ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

“ఒక్క నిమిషం,” అన్నాడు బావ. “చేతులు జిడ్డయ్యాయి. కడుక్కుని వస్తాను. మీరు మాత్రం మళ్లీ కూర్చోండి, లేవకండి.”

ఆవిడ దారి చూపిస్తూ ముందు నడిచింది. బావ వెనక నేనూ వెళ్లాను. వంటింటి పక్కన చిన్నగది, అందులో గూట్లో ఏదో వస్తువు, దానిమీద పువ్వులు కుట్టిన గుడ్డ. బావ ఆ గుడ్డ కొస పట్టుకుని పైకెత్తాడు. నల్లటి పాత ఫోను! దాని డయలుమీద వేలెడు దుమ్ముంది. రిసీవరు మాత్రం అద్దంలా మెరుస్తోంది.

“అదెప్పుడో పోయింది బాబూ,” అంది ఆవిడ కంగారుగా. “గంట మోగదు, డయలు తిరగదు. ఆయన దాని సంగతి మర్చేపోయారు. ఊరికే అలా పడుంటుంది.”

“వినడానికి మాత్రం పనికొస్తుందేమో కదమ్మా,” అన్నాడు బావ నెమ్మదిగా, ఫోనుకేసే చూస్తూ.

“ఆ... అంటే... మోడెమ్ దగ్గరికి వస్తే ఆయనకి అడ్డమని, ఇక్కడే అప్పుడప్పుడూ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటాను. లోపల ఆ గోల వినిపిస్తే, నడుస్తోందిలే అని ప్రాణం కుదుటపడుతుంది.”

దొరికింది! ఆవిడ అటు రిసీవరు ఎత్తినప్పుడల్లా ఇటు లైను తెగిపోతోంది. నడుస్తోందో లేదో చూసుకుంటూ, పాపం, తనే తెంపేస్తోంది! నోరు తెరిచి “దొరికిం...” అనబోయాను. బావ నా కాలుమీద కాలేసి తొక్కాడు. స్కూటర్ని తన్నడానికి కాలు రాదన్న మనిషి నా కాలుని మాత్రం నలిపి నలిపి తొక్కాడు.

తర్వాత ఫోను ముందు చేతులు జోడించాడు. “నమస్కారమండీ. మీ ఒంట్లో బొత్తిగా బాగున్నట్టు లేదు,” అని, తీగ ఊడదీసి, గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. “అమ్మా, ఈ ఫోన్ గారిని ఒక వారం మా షాపులో ఉంచుకుని చూస్తాను. ఈలోగా నీకో పని ఉంది. నీవల్లే అవుతుంది, ఇంకెవరివల్లా కాదు.”

“నావల్లా? నాకేం తెలుసు బాబూ?”

“మోడెమ్ గారికి బెంగ పట్టుకుంది. మేమంతా గీతకేసి చూస్తున్నాం గానీ ఆయన మొహంకేసి ఒక్కరం చూడ్డంలేదు. నువ్వు వచ్చి ఎదురుగా కూర్చో. ఆ ఎర్రదీపం మీంచి చూపు తిప్పకు. ఇల్లు తగలబడినా లేవకు.”

ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుని, పెద్ద పరీక్షకి వెళ్తున్నట్టు నడిచివచ్చి మోడెమ్ ఎదురుగా కూర్చుంది. ప్రూఫులాయన అయోమయంగా చూశాడు.

“ఇంకొక్కసారి పంపండి,” అన్నాడు బావ. “వేగం పాతదే పెట్టాను. ఈసారి పరిగెత్తుతారు.”

నా చేతిగడియారంలో నాలుగూ ఇరవై మూడు.

గుర్రుమంది. నొక్కింది. తోడికోడళ్లు అరిచారు. దీపం వెలిగింది. గీత పాకింది. పది నిమిషాలు. ఈసారి గుమ్మంలోకి నవ్వుతూ ఎవరూ రాలేదు. రావలసినావిడ కుర్చీలో కొయ్యబారి కూర్చుని ఉంది.

“బాబూ,” అంది పెదవులు కదలకుండా. “రెప్ప వేయొచ్చా?”

“అవసరమైతే వేయి. ఎక్కువసార్లు వద్దు.”

ఇరవై నిమిషాలు. వీధిలో ఎవరో చీపుళ్లమ్మా అని కేకేస్తూ వస్తున్నాడు. నేను గేటు దాకా పరిగెత్తి, చేతులు జోడించి, నోటిమీద వేలేసి, ఆ ఇల్లు దాటేదాకా అతన్ని చెయ్యి పట్టుకుని నడిపించాను. అతను భయపడి నాకో చీపురు ఊరికే ఇచ్చేశాడు. తిరిగొచ్చేసరికి, “ఆరింది! ఆరింది!” అని ఆవిడ గావుకేక. చూస్తే దీపం నిక్షేపంలా వెలుగుతోంది. ఆవిడే రెప్ప వేసింది.

ఇరవై తొమ్మిది నిమిషాలు. గీత చివరికంటా వచ్చి ఆగింది. ప్రూఫులాయన రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. గీత మాయమైంది. దాని చోట ‘పంపబడింది’ అని ఒక్క మాట కనిపించింది.

“వెళ్లింది,” అన్నాడు ప్రూఫులాయన, తనలో తను. మళ్లీ, “వెళ్లింది!” అని అరిచాడు. మూడురోజులుగా గుసగుసలాడిన ఇంట్లో ఆ అరుపుకి కిటికీ రెక్కలు అదిరాయి.

బావ మోడెమ్ వీపుమీద చెయ్యి వేశాడు. “చాలా శ్రమపడ్డారు. ఇక విశ్రాంతి తీసుకోండి.” లైను వదిలేశాడు. వదిలిన మూడు నిమిషాలకి ఫోను మోగింది. ప్రూఫులాయన అటు చూశాడే గానీ చెయ్యి చాచలేకపోయాడు. నేనే ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టాను. అవతలి గొంతు మాకందరికీ వినిపించింది.

“పేజీలు అందాయండీ. చూశాం. బొమ్మ కింద మాటలో కూడా తప్పు పట్టారే! సోమవారం ఇంకో పుస్తకం పంపుతాం. పంపొచ్చా?”

“పంపండి,” అన్నాడాయన. “పంపండి, పంపండి, పంపండి.” ఒకే మాట వెంటవెంటనే మూడుసార్లు వస్తే ఆయనే ఎర్ర పెన్నుతో కొట్టేయాల్సింది. ఆరోజు కొట్టేయలేదు.

ఫోను పెట్టేసి భార్యకేసి తిరిగాడు. “నువ్వు కూర్చున్నావు, అది నిలబడింది! మూడురోజులుగా నిన్ను లోపలే ఉండమని తప్పు చేశాను. నువ్వే ఉండాల్సింది ఇక్కడ!”

“ఊరుకోండి, నేనేం చేశాను, చూస్తూ కూర్చున్నాను,” అంది ఆవిడ. అంటూనే ఏడుస్తోంది, నవ్వుతోంది. తర్వాత లేచి వెళ్లి గోడగడియారం తీసి నా చేతికిచ్చింది. ఐదింటికి ముళ్లు తిప్పి, కీ ఇచ్చి, మేకుకి తగిలించాను. టిక్కుటిక్కుమని ఇంట్లో మళ్లీ చప్పుడు మొదలైంది. ఫ్యాను వేశారు. ఫ్రిజ్ గుర్రుమంది. పెళ్లివారు దిగినంత సందడిగా ఉంది ఇల్లు. నాకూ ఎగిరి గంతేయాలనిపించింది గానీ, తొక్కిన కాలు సహకరించలేదు.

గేటు బయటికి వచ్చాక ఇక ఆగలేకపోయాను.

“ఏం బావా, ఆవిడకి చెప్పొచ్చుగా? ఫోను ఎత్తొద్దమ్మా అని ఒక్కమాట! దానికింత నాటకమా?”

“చెప్పి?” అన్నాడు బావ. “మూడురోజులుగా గడియారం ఆపుకుని, మునివేళ్లమీద నడిచిన మనిషితో, ‘మీ ఆయన పని నీ చేత్తో నువ్వే పద్నాలుగుసార్లు తెంపావ్’ అని చెప్పమంటావా? పని దక్కేది. ఆవిడ మాత్రం ఈ జన్మకి కోలుకునేది కాదు.”

నేను స్కూటర్ గారిని స్టాండు మీంచి దించుతుంటే బావే మళ్లీ అందుకున్నాడు.

“చెడిపోయిన వస్తువు పట్టుకొచ్చేవాడు ఉత్తచేతుల్తో రాడురా. దాంతోపాటు ఇంత సిగ్గు కూడా మోసుకొస్తాడు. ‘ఏం చేశావ్?’ అని అడిగావనుకో, ‘నేనేం చేయలేదు’ అంటాడు. అందుకని నేను వస్తువునే అడుగుతాను. వస్తువు సిగ్గుపడదు. పక్కనున్నవాడు నోరు విప్పి చెప్పేస్తాడు.”

నాకు బ్యాంకు మేనేజరూ, పెన్సిలు ముక్కా గుర్తొచ్చాయి. పదిహేనేళ్లుగా మా బావకి పిచ్చి అనుకుంటూ పక్కగదిలో కూర్చున్నాను. చీటీలు కట్టడం తప్ప నాకేం తెలుసని!

సరిగ్గా వారానికి ఆవిడ షాపుకొచ్చింది. లోపలికి రాగానే నన్ను దాటుకుని వెళ్లి, బావ బల్ల ముందు నిలబడి, చాలా మర్యాదగా అడిగింది:

“ఫోన్ గారికి ఎలా ఉందండీ?”

బావ తలెత్తి చూశాడు. ఆవిడ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

“నాకు తెలుసులే బాబూ. ఆ సాయంత్రమే తెలిసింది. దీపంకేసి చూస్తూ కూర్చున్నానా, ఒక్కసారి లోపలికెళ్లి విని వద్దామా అని ప్రాణం లాగేసింది. చూద్దును కదా, ఆ ఫోను నీ సంచీలోంచి నాకేసే చూస్తోంది. అప్పుడర్థమైంది, బెంగ మోడెమ్‌కి కాదు, నాకని.” ఇక ఆపుకోలేక నవ్వేసింది. “పద్నాలుగుసార్లు, బాబూ! పైగా ప్రతిసారీ నవ్వుతూ వచ్చి ‘నడుస్తోంది కదా’ అన్నాను!”

“మీ ఆయనకి చెప్పావా?” అడిగాడు బావ.

“ఎందుకు చెప్తాను? నేను కూర్చుంటేనే లైను నిలుస్తుందని ఆయన వీధంతా చెప్పుకుంటున్నారు. మొన్న పేజీలు పంపేటప్పుడు కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేనూ బుద్ధిగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నాను. ఆ ఫోన్ గారిని మాత్రం ఇక్కడే ఉండనీ. ఇంటికొస్తే మళ్లీ నా చెయ్యి ఊరుకోదు.”

అంతలో సైకిలు స్టాండు వేసి ప్రూఫులాయన లోపలికొచ్చాడు. జేబులో మూడు ఎర్ర పెన్నులూ తిరిగొచ్చాయి, ఒకటి కొత్తది కూడా చేరింది. గుమ్మం బయట ఆగలేదు, దర్జాగా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన నోరు విప్పేలోగా బావ విసుక్కున్నాడు.

“నువ్వు కాస్త ఆ వెలుతురుకి అడ్డం తప్పుకో.”

ప్రూఫులాయన హాయిగా నవ్వుతూ పక్కకి జరిగాడు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడిపోయాను. నువ్వు! వారం కిందట ఇదే మనిషిని ‘మీరు’ అన్నాడు. జ్వరం తగ్గేదాకా అక్కని ‘మీరు’ అన్నాడు. లేచి తిరిగిన రోజున మళ్లీ ‘ఏమే’ అన్నాడు. పిచ్చి అనుకుని నవ్వుకున్నదానికి ఇంత లెక్క ఉందా!

వాళ్లిద్దరూ సైకిలెక్కి వెళ్లాక మెల్లగా వెనకగదిలోకి వెళ్లాను. బావ నల్లఫోనుని గూట్లో పెట్టి, గుడ్డ సర్దుతున్నాడు.

“బావా, నన్నెప్పుడు ‘మీరు’ అంటావ్?”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు, నట్లూ బోల్టులూ అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు.

“నువ్వు పాడైన రోజున,” అన్నాడు. “ఇప్పుడు నిక్షేపంలా ఉన్నావుగా. వెళ్లి స్కూటర్ గారిని తన్ను.”